పొగగొట్టం మార్చాక పొయ్యి అదేనా?

కట్టెలతో ఇంటిని వెచ్చబరిచే ఇనుప పొయ్యిలో అన్నిటికంటే ముందు ముసలిదయ్యేది దాని పొగగొట్టం. ఉత్తర అమెరికాలోను, స్కాండినేవియా దేశాల్లోను ఇటువంటి పొయ్యిలు చలికాలమంతా మండుతూనే ఉంటాయి. పొయ్యి పెట్టెను పోత ఇనుముతోనో మందపాటి ఉక్కు రేకుతోనో చేస్తారు కనుక అది తరాలు దాటి నిలవగలదు. దాని మెడకు తగిలించే నల్ల రేకు గొట్టం మందం మాత్రం చాలాచోట్ల మిల్లీమీటరు కూడా ఉండదు. మసి, తేమ, వేడి మూడూ కలిసి లోపలినుంచి దాన్ని తింటాయి. పైకి రంగు చెక్కుచెదరకుండా కనిపించే గొట్టం కూడా బొటనవేలితో గట్టిగా నొక్కితే లోపలికి దిగబడిపోవచ్చు.

ఈ అరుగుదలకు మూలం కట్టెలో ఉన్న నీరు. అప్పుడే నరికిన చెట్టు బరువులో సగం దాకా నీరే ఉండవచ్చు. ఎండబెట్టిన కట్టెలో తేమ ఇరవై శాతానికి లోపు ఉండాలని పొయ్యి తయారీదారులు చెబుతారు. పచ్చి కట్టె వేస్తే మంట వేడిలో పెద్ద భాగం నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. కట్టె నుంచి వెలువడిన తారు ఆవిర్లు పూర్తిగా కాలకుండానే గొట్టంలోకి ఎక్కుతాయి. గొట్టం గోడ సుమారు 120 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే అవి అక్కడే చెమర్చి క్రియోసోట్ అనే నల్లని జిగురుగా పేరుకుంటాయి. మొదట అది చేత్తో దులిపితే రాలే మసి, తర్వాత పెళుసు పెచ్చులు, చివరికి బ్రష్షుకు లొంగని గాజు పూత. ఈ పూతకు నిప్పంటుకుంటే గొట్టం లోపలి వేడి వెయ్యి డిగ్రీలు దాటగలదు. వేసవిలో పొయ్యి వెలగని నెలల్లో కూడా హాని ఆగదు. మసి గాలిలోని తేమను పీల్చి ఆమ్లంగా మారి రేకును కొరుకుతూనే ఉంటుంది.

అందువల్ల గొట్టాన్ని ఏటా తనిఖీ చేయాలి, పూత అంగుళంలో ఎనిమిదో వంతు మందానికి చేరితే శుభ్రం చేయాలి, రేకు పలచబడితే మార్చాలి. మార్చేటప్పుడు ఒక్కో ముక్క కింది అంచు దాని కింద ఉన్న ముక్కలోకి దిగేట్టు బిగిస్తారు. అలా చేస్తే కారిన క్రియోసోట్ బయటికి రాకుండా పొయ్యిలోకే జారుతుంది. గొట్టంతో పని ముగియదు. కొన్నేళ్లకు తలుపు చుట్టూ ఉన్న తాడు, లోపలి అగ్ని ఇటుకలు, మంటను వెనక్కి తిప్పే పలక, జల్లెడ కడ్డీలు, తలుపు గాజు కూడా ఒక్కొక్కటిగా మారతాయి. ముప్పై ఏళ్ల తర్వాత పాతది మిగిలేది ఒట్టి పెట్టె. అయినా ఇంటివాళ్లు దాన్ని తాతగారి పొయ్యి అనే అంటారు. ఆ మాట నిజమా, అలవాటా అన్నది తత్త్వశాస్త్రం చాలాకాలంగా అడుగుతున్న ప్రశ్న.

గ్రీకులు దీన్ని ఓడ మీద పెట్టి అడిగారు. తమ వీరుడు థీసియస్ ఓడలో పుచ్చిన పలకలను తీసి కొత్తవి వేస్తూ ఏథెన్సు వాళ్లు దాన్ని చాలాకాలం కాపాడారనీ, అది అదే ఓడా కాదా అని తాత్త్వికులు రెండుగా చీలి వాదించేవారనీ ప్లూటార్క్ రాశాడు. 1655లో థామస్ హాబ్స్ దానికి కొత్త చిక్కు తగిలించాడు. తీసేసిన పలకలన్నీ ఒకడు దాచి, అదే వరసలో మళ్లీ ఓడ కడితే, రెంటిలో ఏది థీసియస్ ఓడ? పొగగొట్టం విషయంలో ఈ చిక్కుకు పదును తగ్గుతుంది. తుప్పు పట్టిన ముక్కలను ఏరి మళ్లీ నిలబెట్టినా వాటి గుండా పొగ పోదు. చిల్లుల్లోంచి గదిలోకి వస్తుంది. పాత ముక్కల కుప్ప తన హక్కు చెప్పుకోవాలంటే గొట్టం పని చేయగలిగి ఉండాలి, అది చేయలేకే బయటికి వచ్చింది. అంటే ఇక్కడ పదార్థం ఒక్కటే సాక్ష్యం కాదని ముందే తేలుతోంది. మరి సాక్ష్యం ఏది?

భారతీయ దర్శనాల్లో ఈ ప్రశ్నను చాలా కఠినంగా పట్టుకున్నవారు నైయాయికులు, వైశేషికులు. వంటింటితోను పొగతోను వారికి పాత పరిచయం ఉంది. పొగను చూసి నిప్పును ఊహించడం, దానికి వంటిల్లు ఉదాహరణ కావడం తర్కం చదివిన ప్రతివారూ మొదట నేర్చే పాఠం. తెలుగువాడని ప్రసిద్ధి చెందిన అన్నంభట్టు రచన తర్కసంగ్రహంలోనూ ఇదే ఉదాహరణ నిలిచింది. పొగ ఉన్నచోట నిప్పు తప్పదు కానీ నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పు నుంచి పొగ రావాలంటే తడి కట్టె తోడు కావాలి, ఆ తోడునే వారు ఉపాధి అన్నారు. గొట్టాన్ని పాడుచేసే పచ్చి కట్టెను శాస్త్రకారులు ఉపాధి పేరుతో ఎప్పుడో గుర్తించారు.

వస్తువు గురించి వారి సిద్ధాంతం ఇది. నూలుపోగులు వేరు, బట్ట వేరు. పోగులు అవయవాలు, బట్ట అవయవి. అవయవి తన అవయవాలన్నిటిలో సమవాయమనే విడదీయరాని సంబంధంతో ఉంటుంది. ఒక్క పోగు లాగినా ఆ పోగులన్నిటిలో ఉన్న పాత బట్ట నశించినట్టే; మిగిలిన పోగుల్లో ఖండపటం అనే కొత్త బట్ట పుడుతుంది. ఈ లెక్కన పొగగొట్టంలో ఒక ముక్క మార్చిన క్షణానే పాత పొయ్యి పోయింది, కొత్తది పుట్టింది. ‘అదే పొయ్యి’ అనే గుర్తింపుకు వారి సమాధానం సూటిగా ఉంటుంది. నిన్నటి మందే ఇవాళా వేసుకున్నాను అన్నప్పుడు నిన్న మింగిన మందు కాదు మనం చెప్పేది, అదే జాతి మందని. పొయ్యి విషయంలోనూ గుర్తింపు జాతికి చెందుతుంది, వ్యక్తికి కాదు.

ఈ కాఠిన్యం మొదట అతిగా తోస్తుంది. అయితే దీన్ని చివరిదాకా పట్టుకుంటే దాని విలువ తెలుస్తుంది. ముక్క మార్చితేనే వస్తువు మారుతుందని నైయాయికుడు అనడు. అవయవం చేరినా, జారినా మారుతుంది. పెరిగే పిల్లవాడి శరీరం కూడా అతని లెక్కలో ఒకే ద్రవ్యం కాదు. మరి ఎవరూ ముట్టుకోని గొట్టం సంగతేమిటి? తుప్పు రూపంలో ఇనుము రోజూ రాలుతోంది, మసి రూపంలో వేరే పదార్థం రోజూ అంటుకుంటోంది. మరమ్మతుకు నోచుకోని గొట్టం పదేళ్లలో ఎన్నో అవయవులుగా పుట్టి పోయింది. ఎవరూ పాత ముక్క తీయలేదు కాబట్టి అది పాత గొట్టమే అనుకోవడానికి ఈ శాస్త్రం ఒప్పుకోదు.

వేడి వస్తువును ఏం చేస్తుందన్న దాని మీద వైశేషికులకు, నైయాయికులకు మధ్యనే ఒక వివాదం ఉంది. పచ్చి కుండ ఆవంలో కాలి ఎర్రబడేటప్పుడు అది పరమాణువుల దాకా విడిపోయి, రంగు మారిన పరమాణువుల నుంచి మళ్లీ కుండగా పుడుతుందని వైశేషికులన్నారు, ఇది పీలుపాకవాదం. నైయాయికులు పిఠరపాకవాదులు. ఆవం కంతల్లోంచి చూస్తే కుండ కుండగానే కనిపిస్తోంది, దాని మీద పేర్చిన కుండలు కింద పడడం లేదు, కనుక కుండ నిలిచి ఉండగానే రంగు మారుతుందని వారి వాదం. ఈ తగాదాలో నైయాయికుల పక్షమే సబబుగా తోస్తుంది. రోజూ కాగి చల్లారే గొట్టం నిలిచే ఉంటుంది. నిలిచి ఉంటూనే మారుతుంది. అది గట్టిగా నిలబడి కనిపించడమే చూసేవారిని మభ్యపెడుతుంది.

బౌద్ధులు ఇంకో అడుగు ముందుకు వేశారు. మిళిందపన్హ అనే గ్రంథంలో రాజు మిళిందుడికి నాగసేనుడు రథం ఉదాహరణతోపాటు దీపం ఉదాహరణ కూడా చెబుతాడు. రాత్రంతా వెలిగిన దీపంలో తొలి జాములో ఉన్న జ్వాల, కడ జాములో ఉన్న జ్వాల ఒకటి కాదు, అలాగని రెండు వేర్వేరు దీపాలు వెలిగాయనీ అనలేం. అది ఒక సంతానం, ఒక ప్రవాహం. శ్రీపర్వతంతో, నాగార్జునకొండతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికలో ఒక ప్రకరణాన్ని పూర్తిగా అగ్నికీ ఇంధనానికీ కేటాయించాడు. అగ్ని కట్టెతో ఒకటే అయితే కాల్చేదీ కాలేదీ ఒకటవుతాయి. వేరే అయితే కట్టె లేకుండానే మండాలి. రెండూ పరస్పరం ఆధారపడి తప్ప సిద్ధించవు కనుక దేనికీ స్వతంత్రమైన స్వభావం లేదని ఆయన చూపాడు. గొట్టానికీ మంటకూ ఉన్న సంబంధం ఇలాంటిదే. గొట్టం వేడెక్కితేనే పొగ పైకి లాగబడుతుంది. పొగ పైకి పోతేనే గాలి లోపలికి వచ్చి మంట నిలుస్తుంది. మంట నిలిస్తేనే గొట్టం వేడెక్కుతుంది.

ఏడో శతాబ్దపు ధర్మకీర్తి ఉనికికి అర్థక్రియను, అంటే ఏదో ఒక పని చేయగల శక్తిని, గుర్తుగా పెట్టాడు. ఆ తర్వాతి బౌద్ధులు దాని మీద గట్టి తర్కం నిర్మించారు. గాదెలో ఉన్న విత్తనం మొలకెత్తదు, పొలంలో పడ్డది మొలకెత్తుతుంది. శక్తి ఉన్నదీ లేనిదీ ఒకటే కాలేవు గనుక రెండూ వేరు వేరు విత్తనాలన్నారు. దీనికి ఉదయనాచార్యుడు ఆత్మతత్త్వవివేకంలో సమాధానం చెప్పాడు. విత్తనం అదే; మొలకెత్తడానికి కావలసిన నీరు, మట్టి వంటి సహకారి కారణాలు గాదెలో లేవు, అంతే. ఇందులోంచి న్యాయశాస్త్రంలో ఒక గొప్ప విభజన రూపుదిద్దుకుంది. అడవిలో పడి ఉన్న కర్రకు కూడా కుండ చేయడానికి పనికొచ్చే అర్హత ఉంది, అది స్వరూపయోగ్యత. కుమ్మరి చేతిలో చక్రం తిప్పుతున్న కర్ర ఆ పనిని నిజంగా నెరవేరుస్తోంది, అది ఫలోపధాయకత.

పొగగొట్టం ప్రశ్నకు తాళంచెవి ఈ విభజనలోనే ఉంది. డిసెంబరులో రెండు వారాలు ఇల్లు మూసి వచ్చిన కుటుంబం పొయ్యి వెలిగిస్తే మొదట పొగ గదిలోకి తన్నుతుంది. గొట్టంలో నిలిచిపోయిన చల్లగాలి బరువుగా కిందికి ఒత్తుతుంటుంది. రెండు కాగితాలు చుట్టి మెడ దగ్గర కాల్చితే గొట్టం వేడెక్కి లాగడం మొదలుపెడుతుంది. అక్కడ లోపించింది సహకారి మాత్రమే, గొట్టం యోగ్యత చెడలేదు. చిల్లులు పడ్డ గొట్టంలోనో, గాజు పూతతో సగం పూడిన గొట్టంలోనో ఎన్ని కాగితాలు కాల్చినా ప్రయోజనం లేదు, పైగా ప్రమాదం. అక్కడ పోయింది స్వరూపయోగ్యతే. మొదటిది అదే గొట్టం. రెండోది, ఒక్క మేకు కూడా ఎవరూ ఊడదీయకపోయినా, బిగించిన నాటి గొట్టం కాదు. దాని స్థానంలో అదే వ్యాసంతో, అదే యోగ్యతతో వచ్చిన కొత్త గొట్టం ఆ పొయ్యికి పాతదాని కంటే దగ్గరిది. ముట్టుకోకుండా ఉంచడమే కాపాడడం, మార్చడం పోగొట్టుకోవడం అన్న సాధారణ భావన ఇటువంటి వస్తువుల విషయంలో తలకిందులవుతుంది. ఇది గొట్టం దగ్గర ఆగే నిర్ణయం కాదు. ఆలయ సంప్రదాయం ఇదే నిర్ణయానికి వేరే దారిలో చేరుకుంది.

ఆగమ, శిల్ప గ్రంథాలు జీర్ణోద్ధారణను ప్రత్యేక విధిగా చెబుతాయి. అగ్నిపురాణంలోనూ దానికి అధ్యాయాలున్నాయి. శిథిలమైన విగ్రహాన్ని అభిమానంతో అలాగే ఉంచి పూజించడం వాటి దృష్టిలో దోషం. మరమ్మతు సాగినంతకాలం మూలమూర్తిలోని శక్తిని కలశంలోకి ఆవాహన చేసి బాలాలయమనే తాత్కాలిక ఆలయంలో ఉంచుతారు. యాదగిరిగుట్టలో 2016 నుంచి భక్తులు బాలాలయంలో స్వామిని సేవించారు, పునర్నిర్మించిన ప్రధానాలయం 2022 మార్చి 28న తెరుచుకుంది. తిరుమలలో పన్నెండేళ్లకోసారి అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ జరుగుతుంది, 2018 ఆగస్టులో జరిగింది అదే. విగ్రహాన్ని పీఠానికి అంటిపెట్టే అష్టబంధనం కాలక్రమాన పట్టు వదులుతుంది కనుక కొత్తది వేస్తారు. రాయి మారినా, బంధనం మారినా దేవుడు మారాడని ఏ భక్తుడూ అనుకోడు. శక్తిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తెంపులేకుండా నడిపించే విధి మధ్యలో ఉంది కాబట్టి ఆ నమ్మకానికి ఆధారం ఉంది.

ఈ విధికి మినహాయింపు కూడా ఉంది, అది చిన్నదేమీ కాదు. స్వయంభువులను, దేవతలో ఋషులో ప్రతిష్ఠించారని చెప్పే మూర్తులను శిథిలమైనా కదపరాదంటాయి ఆ గ్రంథాలు. వాటి విలువ అవి చేసే పనిలో కాక అవి వచ్చిన తీరులో ఉంది. తెచ్చి నిలబెట్టినదానికి యోగ్యత కొలత. తనంత తాను వెలసినదానికి పుట్టుక కొలత. ఈ తేడాను గుర్తించకుండా ఒకే సూత్రంతో అన్ని పాత వస్తువుల గురించీ తీర్పు చెప్పేవారు ఎక్కడో ఒకచోట తప్పుతారు.

పాతదాన్ని నిలుపుకునే తీరుల్లో జపానులోని ఇసే క్షేత్రం ఒక కొసకు చెందింది. ఏడో శతాబ్దం చివర మొదలైన ఆచారం ప్రకారం ఇరవయ్యేళ్లకోసారి పక్క స్థలంలో ఆలయాన్ని పూర్తిగా కొత్త కలపతో కడతారు. 62వ పునర్నిర్మాణం 2013లో ముగిసింది. గుజరాత్‌లోని ఉద్వాడలో పారసీకుల ఇరాన్‌షా అగ్ని రెండో కొసకు చెందింది. గుహల్లో దాచినా, ఊళ్లు మార్చినా ఆ అగ్ని ఆరలేదని పారసీకుల విశ్వాసం. 1742లో అది ఉద్వాడ చేరింది. ఒకచోట రూపం నిలిచి పదార్థం మారింది, ఇంకోచోట మంట నిలిచి గూడు మారింది. శ్రౌతాగ్నులను పోషించే ఆహితాగ్నులకూ అగ్ని ఆరకపోవడమే ముఖ్యం. ఆరితే ప్రాయశ్చిత్తం, పునరాధానం ఉన్నాయి. తెగిన ప్రవాహాన్ని తెగలేదని నటించడాన్ని వైదిక విధి ఒప్పుకోలేదు. తెగిందని ఒప్పుకుని మళ్లీ కలిపే దారి చూపింది. ఈ నిజాయితీ గొట్టాల విషయంలోనూ అవసరం.

పొగగొట్టాల్లో రెండు కొలతలూ ఎదురుపడే చోటు పాత ఇటుక చిమ్నీ. యూరప్, అమెరికాల్లోని పాత ఇళ్లలో చిమ్నీ లోపలి సున్నం రాలి, ఇటుకల మధ్య సందులు పడతాయి. బయటి ఇటుక కట్టడం ఊరి చరిత్రలో భాగం; దాన్ని కూల్చితే మళ్లీ రాదు. అందుకని చిమ్నీ కడుపులోకి పైనుంచి స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్‌ను దింపి పొయ్యి మెడకు కలుపుతారు. పొగ మోసేది కొత్త ఉక్కు, కంటికి కనిపించేది పాత ఇటుక. కట్టడాల పరిరక్షణపై 1964 నాటి వెనిస్ ఒడంబడిక లోపించిన భాగాల స్థానంలో పెట్టేవి మొత్తంలో ఇమిడిపోవాలని, అయితే అసలు భాగాల నుంచి వేరుగా గుర్తించగలిగేలా ఉండాలని చెబుతుంది. లైనర్ ఆ షరతును తనకు తెలియకుండానే తీరుస్తోంది. చిమ్నీ నెత్తిన అంగుళం మేర మెరిసే ఉక్కు అంచును చూసిన ఎవరైనా లోపల ఏముందో గ్రహిస్తారు. పుట్టుక కొలతగా ఉన్న ఇటుకను ముట్టకుండా, యోగ్యత కొలతగా ఉన్న పొగదారిని పూర్తిగా మార్చడం మంచి పరిష్కారం.

పేరు నిలిచి వస్తువు పోతే ఏమవుతుందో భారతదేశపు పొగలేని పొయ్యిల చరిత్ర బాధాకరంగా చూపుతుంది. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు మట్టితో కట్టుకోదగ్గ, పొగగొట్టం ఉన్న పొయ్యిని రూపొందించి 1953లో దానిపై చిన్న పుస్తకం వెలువరించారు. లక్షలాది పేద ఇళ్ల వంటగదులను పొగ నుంచి విడిపించాలన్నది ఆయన తపన. 1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం చేపట్టింది. గొట్టాలు బిగించారు, కానీ వాటిని దులిపేవారు, పగిలితే మార్చేవారు చాలా ఊళ్లలో లేకపోయారు. ఒడిశాలో ఇటువంటి పొయ్యిల మీద రేమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, వంట చేసేవారు పీల్చే పొగ మొదటి ఏడాది తగ్గిందనీ, తర్వాత ఆ మేలు కనుమరుగైందనీ తేలింది. పొయ్యిలను సరిగా వాడకపోవడం, బాగుచేయించకపోవడం కారణాలు. పూడిపోయిన గొట్టంతో ఉన్న పొయ్యిని లెక్కల్లో పొగలేని పొయ్యిగానే రాసుకోవడం తార్కికమైన పొరపాటుతో ఆగదు. దాని ముందు కూర్చున్న స్త్రీ ఊపిరితిత్తులు ఆ పొరపాటును మోస్తాయి. వస్తువు అదేనా అన్న ప్రశ్నను తాత్త్వికుల వ్యాపకమని తోసిపుచ్చలేకపోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఇంకొక సందర్భం మిగిలింది, అందులో గొట్టం నిలిచి పొయ్యే మారుతుంది. పాత పొయ్యిలలో చాలావాటి మెడ ఎనిమిది అంగుళాలు, ఇప్పటివాటికి ఎక్కువగా ఆరు. కొత్త పొయ్యి తక్కువ కట్టెతో ఎక్కువ వేడి ఇస్తుంది కనుక దాని పొగ చల్లగా, పలచగా ఉంటుంది. ఆ పొగను పాత ఎనిమిది అంగుళాల గొట్టంలోకి వదిలితే నెమ్మదించి, ఇంకా చల్లబడి, క్రియోసోట్‌గా గోడలకు అంటుకుంటుంది. గొట్టం రేకు చెక్కుచెదరకపోయినా ఆ పొయ్యికి అది యోగ్యమైనది కాదు. యోగ్యత కూడా గొట్టంలో ఒంటరిగా ఉండే గుణం కాదని, ఫలానా మంటతో కలిసినప్పుడే అది ఏర్పడుతుందని ఇక్కడ తెలుస్తుంది. ఈ ఒక్క విషయంలో ఉదయనుడి విభజనను నాగార్జునుడి పరస్పరాపేక్షతో సరిదిద్దుకోవాలి. ఆచరణలో చేసేది మాత్రం తేలిక. పాత గొట్టం లోపల ఆరు అంగుళాల లైనర్ దింపుతారు, లేదా గొట్టాన్ని పై కప్పు దాకా మార్చేస్తారు.